మొరగని కుక్కతో మూడేండ్లు



పోయిన నెల కండెలు చుట్టే ఆడోళ్ల మెడనొప్పుల గురించి రాస్తే చానమంది దారిల ఆపి మాట్లాడిన్రు. ఈ నెల గుడ అసుంటిదే రాద్దామనుకున్న. కని మా గల్లీ పిల్లలు వినలె. "తాతా, నాడెగాని గురించి రాయి" అని వెంటబడ్డరు. నాడెగాడంటే మా ఇంటి కుక్క. నవ్వితే నవ్వుండ్రి గని మొత్తం చదువుండ్రి. కుక్క లేనోళ్లకు గుడ ఇందుల రెండు మూడు మాటలు పనికొస్తయి.

నేను 1978ల సిరిసిల్ల దిక్కు నుంచి భీవండి వచ్చిన. అప్పుడు నాకు పదిహేడేండ్లు. చదివింది నాలుగో తరగతి. నలభై రెండేండ్లు సాంచాల నడుమనే గడిచింది, ఆఖరి పదేండ్లు జాబర్ పని. 2020 మార్చిల లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగినయి. కొన్నాళ్లకు మళ్ల నడిచినయి. చెవులు సరిగ వినబడని ముసలోన్ని మాత్రం ఎవ్వరు పిలువలె. పెన్షన్ లేదు, పీఎఫ్ లేదు. మా ఇంటామె కండెలు చుడుతది, కొడుకు గోదాంల లెక్కలు రాస్తడు, అట్ల నడుస్తుంది. నేను ఖోలీల గోడకు ఆనుకొని కూసునేటోన్ని. మాట్లాడేటోన్ని కాదట. నాకు తెల్వదు, మా ఆమె చెప్పింది.

మా బిడ్డను షోలాపూర్ ఇచ్చినం. అక్కడ గుడ మనోళ్లే కదా, చద్దర్లు నేసే ఊరు. 2022ల అల్లుడు బస్సు దిగి చేతిసంచిల నుంచి ఒక కుక్కపిల్లను తీసి ఖోలీ నడుమ పెట్టిండు. సన్నగ, పొడుగు మూతి, కాళ్లు కట్టెపుల్లల తీరు. "మామా, కార్వానీ పిల్ల. పొద్దున సాయంత్రం తిప్పాలె. మీరు ఇల్లు కదులుతరని తెచ్చిన" అన్నడు. మా ఆమె అల్లుని ముంగట ఏమనలె. ఆయన పోయినంక అన్నది, "ఏందయ్యా ఇది? పది బై పన్నెండు ఖోలీల ఐదుగురం పంటున్నం. ఇది ఎక్కడ పంటది?"

ఇప్పుడు అది మా ఆమె కాళ్ల కాడ పంటది. ఆ సంగతి తర్వాత చెప్త.

ఇది ఏం జాతో మొదలు చెప్పాలె. దేశాల గ్రేహౌండ్ అని ఒక పందెం కుక్క ఉన్నది. మన దిక్కోళ్లకు గ్రేహౌండ్స్ అంటే 1989ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల పెట్టిన పోలీసు దళమే యాదికొస్తది. ఆ పేరింటే మా ఊర్ల పెద్దోళ్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తరు. ఆ దళానికి ఈ కుక్క పేరే పెట్టిన్రు. దాని తీరుగనే మన దక్కన్‌ల పుట్టిన వేటకుక్క కార్వానీ. కర్ణాటకల దీన్ని ముధోల్ కుక్క అంటరు. మన ఆదిలాబాద్ దిక్కు ముధోల్ కాదు, బాగల్‌కోట్ జిల్లాల ఉన్న ముధోల్. రెండూ ఒకటే అనేటోళ్లు ఉన్నరు, కాదని కొట్లాడేటోళ్లు ఉన్నరు. 2005ల తపాలా శాఖ ముధోల్ కుక్క బొమ్మతోని స్టాంపు వేసింది. మన సైన్యం గుడ వీటిని తీసుకొని తయారు చేస్తుంది.

గ్రేహౌండ్ గంటకు అరవై కిలోమీటర్ల మీద ఉరుకుతది. ఇంగ్లండ్, ఐర్లండ్, ఆస్ట్రేలియాల మైదానం చుట్టూ కరెంటు మీద ఉత్త కుందేలు బొమ్మను ఉరికిస్తరు, దాని వెనక ఈ కుక్కలు ఉరుకుతయి, జనం పైసలు కాస్తరు. మన పంజాబ్‌ల కిలా రాయ్‌పూర్ ఆటల్ల గుడ కుక్కల పందెం ఉండేది. అంజూర్ ఫాటా కాడ లారీలు ఆపే సర్దార్జీలు నాడెగాన్ని చూస్తే చాలు, దిగొచ్చి నడుము తడిమి చూస్తరు. పందెం కుక్క మూడు నాలుగేండ్లు ఉరుకుతది, బతికేది పన్నెండేండ్ల దాక. మిగిలిన ఏండ్లు ఎవరు సాకాలె? చైనా పక్కన మకావ్‌ల 2018 జులైల పందాల మైదానం మూసినప్పుడు ఐదు వందల పైన కుక్కలు లోపలనే మిగిలినయి. వాటిని ఇండ్లల్ల పెంచుకుంటమని ఎక్కడెక్కడి దేశాలోళ్లో ముందుకొచ్చిన్రు. మిల్లు మూతబడ్డప్పుడు మనుషులను అట్ల ఎవరన్న అడిగిన్రా అని మా ఆమె అడిగింది. నేనేం చెప్పలె.

ఉరికే కుక్క గనుక ఇంటి నిండ ఉరుకుతదని భయపడ్డం. అదేం లేదు. రోజుకు పదహారు, పద్దెనిమిది గంటలు నిద్రే. పొద్దున అర్ధగంట, సాయంత్రం అర్ధగంట తిప్పితే చాలు, మిగతాది పండుకునే పని. మొరగదు. "మొరగని కుక్క ఎందుకయ్యా, రెక్కలు లేని పంకా తీరు" అని పక్కింటి బావ ఎక్కిరిచ్చిండు. నేనన్న, బావా, మన చాల్‌ల సగం మంది రాత్రి పాళీ చేసి పగలు పంటరు. మొరిగే కుక్కను తెస్తే నువ్వే నన్ను కొడుదువు. దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

దీని ఒంటి మీద కొవ్వు లేదు. వెంట్రుక పొట్టి, తోలు సన్నం. కటిక బండ మీద పంటే మోచేతులు, తుంటి ఒరుసుకపోయి పుండ్లయితయి. నేను షోలాపూర్ చద్దరు పాతది సంచి లెక్క కుట్టి, కార్ఖానా నుంచి చిందీ తెచ్చి లోపల నింపిన. వారానికోసారి విప్పి ఎండకు పోస్త. చలికాలం పొద్దుగాల వణుకుతది. మందపాటి బట్టతోని కోటు కుట్టినం. మా మనుమరాలు దానికి జేబు గుడ పెట్టమన్నది, పెట్టినం.

పక్కటెముకల గురించి చెప్పకుంటె కాదు. ఈ మూడేండ్లల్ల నన్ను ఎక్కువ తిట్టించింది అవే. "ముసలోడు కుక్కకు తిండి పెడ్తలేడు" అని గల్లీ మొత్తం అన్నరు. ఒకామె రోజూ పొద్దున పూరీలు వేసింది. ఆమె మనసు మంచిదే, కుక్కకు మాత్రం రెండు రోజులు పారకం పట్టింది. ఈ జాతికి ఆఖరి రెండు మూడు ఎముకలు కనబడాలె. కనబడకుంటె బరువెక్కిందన్నట్టు. నడుము ఎముకలన్నీ పైకి లేచి కనబడితేనే తిండి సరిపోలేదని అర్థం.

తిండి రెండు పూటలు పెడ్త. జొన్నరొట్టె, అన్నం, కోడి దుకాణంల దొరికే కార్జం, కందెనకాయ ఉడికించి కలుపుత. అప్పుడప్పుడు గుడ్డు. ఉప్పు, కారం వద్దు. ఉల్లిగడ్డ అసలే వద్దు, అది కుక్కకు రక్తం విరుస్తది. ఎండుద్రాక్ష, చాక్లెట్ గుడ విషమే. ఉడికిన బొక్కలు వేయద్దు, చీలి పేగులకు గుచ్చుకుంటయి. తిన్నంక గంట సేపు ఉరికించద్దు. రొమ్ము లోతుగ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిక పడే రోగం ఉన్నది. కడుపు డోలు లెక్క బిగిసి, వాంతికి ఎగబడుతది గని ఏం రాదు. అట్లయితే తెల్లారేదాక ఆగద్దు, ఆ గంటల్నే డాక్టరు కాడికి ఉరకాలె.

ఇప్పుడు నా తప్పు చెప్త. 2023 వానకాలంల నాడెగాడు కుంటబట్టిండు. నాకు మోకాళ్ల నొప్పులకు ఒక గోళీ ఉన్నది. మనిషికి ఒకటైతే కుక్కకు సగం అనుకొని సగం విరిచి రొట్టెల పెట్టిన. మరునాడు పొద్దుగాల ఇంకో సగం పెట్టిన. ఆ రాత్రి రక్తం కక్కిండు. చీకట్ల రిక్షా దొరకలె, కొడుకు భుజం మీద ఏసుకొని నడిచిండు. డాక్టరు గోళీ పేరు చూసి నెత్తి పట్టుకున్నడు. మనుషుల నొప్పుల గోళీలు కుక్కకు కడుపుల పుండ్లు చేస్తయట, మూత్రపిండాలు చెడగొడుతయట. మూడు రోజులు సెలైన్ పెట్టిన్రు. మూడు వేల రెండు వందలయింది.

ఆ పైసలు నా దగ్గర లేవు. మా ఆమె కండ్లద్దాల కోసం డబ్బాల దాచుకున్నయి తీసింది. పోగు తెగితే కనబడక చేతితో తడిమి పట్టుకునే మనిషి. మూడు రాత్రులు దాని పక్కన కూసున్నది. నాతోని మాట్లాడలె. నాలుగో రోజు అది లేచి నీళ్లు తాగితే, అప్పుడు అన్నది, "నీ గోళీలు నువ్వే మింగు." అద్దాలు మళ్ల ఏడు నెలలకు వచ్చినయి.

అందుకే నిజం చెప్త. చేతిల పైసలు లేనోళ్లు ఇసుంటి కుక్కను కావాలని తెచ్చుకోవద్దు. నాకు అల్లుడు తెచ్చి పెట్టిండు, పెట్టినంక తోలెయ్యబుద్ధి కాలె, అంతే. ఉన్నోళ్లు మాత్రం ఒకటి యాది పెట్టుకోండ్రి. జ్వరం గోళీ, నొప్పుల గోళీ ఏదీ అడగకుండ ఇయ్యద్దు. పిల్లులున్నోళ్లు మరీ జాగ్రత్త, ఒక్క పారాసిటమాల్ గోళీ పిల్లి ప్రాణం తీస్తది. ముంబైల పరేల్ కాడ జంతువుల పెద్ద దవాఖాన ఉన్నది. మిల్లుల సేటు దిన్‌షా పెటిట్ తన భార్య సకర్‌బాయి పేరు మీద కట్టించిందే. పరేల్ మిల్లుల్ల పని చేసిన మన పాతోళ్లకు ఆ గేటు ఎరికే.

ఇంకో సంగతి, ఇది కుక్క లేనోళ్లకు. కుక్క కరిస్తే, అది గల్లీ కుక్కయినా సరే, పెంపుడు కుక్కయినా సరే, పండ్లు దిగకుండ గోకినా సరే, మొదలు నల్లా కింద పెట్టి సబ్బుతోని పదిహేను నిమిషాలు కడగాలె. పసుపు, కారం, సున్నం పెట్టద్దు. వెంటనే సర్కారు దవాఖానకు పోవాలె, సూదులు ఫుకట్‌గ వేస్తరు. గాయం లోతుగ ఉంటె గాయం కాడ వేరే సూది గుడ వేస్తరు. డాక్టరు రాసిచ్చిన తారీఖులన్నీ పూర్తి చేయాలె. రెండు సూదులైనంక నొప్పి పోయిందని మానద్దు. పిచ్చి రోగం బయటపడ్డంక బతికించే మందు లేదు. మా గల్లీల ఒక పిల్లగాన్ని నాకా కాడ కుక్క కరిస్తే వాళ్లమ్మ మిరపపొడి పెట్టి కట్టింది. నేను ఆ కట్టు విప్పి కడుగుతుంటె నన్ను తిట్టింది. సూదులు వేయించినం. వాడు ఇప్పుడు ఆరో తరగతి. పెంచేటోళ్లు తమ కుక్కకు మూడు నెలల వయసుల మొదటి సూది, తర్వాత ఏడాదికోసారి వేయించి కార్డు దాచిపెట్టుకోవాలె. కార్డు చూపెడితే గల్లీలోళ్ల నోర్లు గుడ మూతబడుతయి.

ఇగ 2024 జూన్ 29 రాత్రి సంగతి. మన ఇండియా ప్రపంచకప్పు గెలిచిన రాత్రి. చాల్ మొత్తం టీవీల ముంగట ఉన్నది. నాకు ఆటల ధ్యాస లేదు, పదకొండున్నరకు వాన తెరిపిస్తే నాడెగాన్ని మూత్రానికి తీసుకపోయిన. ఉన్నట్టుండి నాలుగు దిక్కుల పటాకులు పేలినయి. నాకే వినబడ్డయంటే చూసుకోండ్రి. వాడు వెనక్కి ఒక్క గుంజు గుంజిండు. చేతిల తాడు ఉన్నది, తాడుకు పట్టా ఉన్నది, పట్టాల కుక్క లేదు.

ఈ జాతికి మెడ లావు, తల సన్నం. అల్లుడు మొదటి రోజే చెప్పిండు, మామూలు పట్టా జారిపోతదని. నేను బజార్ల దొరికిందే తెచ్చి బిగిచ్చి పెట్టిన. రెండేండ్లు జారలె గనుక ఇగ జారదనుకున్న.

కొడుకు, గల్లీ పోరగాండ్లు బండ్ల మీద తిరిగిన్రు. నాకు భయమంతా నాశిక్ హైవే గురించే. ఇది ఉరికితే మన పిలుపు దానికి చెవినబడదు, ముంగట లారీ గుడ కనబడదు. రెండు గంటల దాక హైవే పక్కన నడిచిన. ఏదన్న నల్లగ కనబడితే దగ్గరికి పోనీకి కాళ్లు రాలె. టైరు ముక్కలు, గోనె సంచులు. మళ్ల వాన మొదలైంది. ఇంటికొచ్చి గోడకు ఆనుకొని కూసున్న. మా ఆమె దాని పరుపు దులిపి మడత పెట్టింది, మళ్ల విప్పి పరిచింది.

నాలుగింటికి ఫోన్ మోగిందట. మా ఆమె ఎత్తింది. నేను ఆఖర్ల పని చేసిన కార్ఖానాల ఇప్పటికీ రాత్రి పాళీ చూసే చాచా. నేను రోజూ సాయంత్రం నాడెగాన్ని తీసుకొని ఆ కార్ఖానా ముంగట చాయ్ తాగనీకి పోత. "నీ కుక్క ఈడనే పండుకుంది, వచ్చి తీసుకపో" అన్నడు.

పోయి చూస్తే సాంచాలు నడుస్తున్నయి, మూలకు చిందీ కుప్పల ముడుచుకొని పండుకున్నడు. అంత చప్పుడుల నిద్ర. బయటి పటాకులు ఆ చప్పుడుల మునిగిపోయినయి, అందుకే వచ్చిందని చాచా అన్నడు. నా చెవులు తిన్న చప్పుడు వానికి దుప్పటి అయింది. కొత్త పోరలు కట్టె తీసుకొని కొట్టబోతే చాచానే అడ్డం నిలబడ్డడట. పట్టాల కింద, పికింగ్ కట్టెల కింద పడకుండ పాత బీములు అడ్డం పెట్టించిండు. కుక్క నోటి తడి తగిలితే వాళ్లు కడుక్కోవాలె, ఫజర్ నమాజు వేళ దగ్గర పడ్డది. అయినా దాని తొడ మీద చెయ్యి పెట్టి రక్తం ఆపుకుంట కూసున్నడు. నేను రాంగనే చెయ్యి తీసి, నల్లా కాడికి పోయి మోచేతుల దాక కడుక్కొని, బట్టలు మార్చుకొని మసీదుకు పోయిండు. షుక్రియా చెప్పే టైం గుడ ఇయ్యలె.

తొడ మీద తోలు రేకుకు తగిలి జానెడు చీరుకుపోయింది. ఈ కుక్కల తోలు కాగితం లెక్క. పదకొండు కుట్లు పడ్డయి. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. కొవ్వు లేని ఈ జాతికి కొన్ని పాత మత్తుమందులు తొందరగ దిగయి, లేవనీకి చాన సేపు పడుతది. రక్తపరీక్షల గుడ ఎర్రకణాలు వేరే కుక్కల కంటె ఎక్కువ కనబడుతయి. డాక్టర్లకు తెలిసిన సంగతే, అయినా మనం నోరు తెరిచి "ఇది వేటజాతి" అని ముందే చెప్పాలె. చెప్పిన. వేరే మత్తు ఇచ్చిండు. పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ గుడ తర్వాత అట్లనే చెప్పి చేయించిన. గనుక పిల్లలు కావాలని అడుగుతున్న ముగ్గురూ ఇగ అడగకుండ్రి.

ఆ పొద్దున్నే ఇంటికొచ్చి మంచం విప్పిన. పాత నవారు మంచం, మా నాయిన కాలందే. రెండంగుళాల నవారు. దాంతోని పట్టా కుట్టిన. బజార్ల దీన్ని ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతరు, చేసేది మాత్రం అల్కగనే ఉన్నది. మెడ చుట్టూ వచ్చే నవారు ముక్కకు రెండు చివర్ల ఒక్కొక్క ఇనుప రింగు కుట్టాలె. రెండు రింగులు కలవద్దు, నడుమ సందు ఉండాలె. ఇంకో చిన్న నవారు ముక్కను రెండు రింగులల్ల నుంచి దూర్చి చుట్టు లెక్క కలిపి కుట్టాలె, దానికి తాడు కట్టే రింగు పెట్టాలె. తాడు వదులుగ ఉంటె పట్టా వదులుగ ఉంటది. కుక్క వెనక్కి గుంజితే చిన్న చుట్టు రెండు రింగులను దగ్గరికి గుంజుతది, పట్టా మెడకు బిగుస్తది. అప్పుడు రింగుల నడుమ రెండు వేళ్ల సందు మిగలాలె. మిగలకుంటె పట్టా పెద్దదైనట్టు, తల జారుతది. మరీ ఎక్కువ మిగిలితే గొంతు పిసుకుతది. రింగులు స్టీలువే పెట్టుండ్రి, తుప్పు రింగులకు మెడ వెంట్రుక ఊడుతది.

ఇప్పటిదాక ఆరు కుట్టిన. రెండు షోలాపూర్ పోయినయి, ఒకటి ఒక సర్దార్జీ తీసుకపోయిండు. కావాల్సినోళ్లు రెండు దారాలు పంపుండ్రి. ఒకటి కుక్క తల ఎక్కడ వెడల్పో అక్కడ చుట్టి ముడేసింది, ఇంకోటి చెవుల వెనక మెడకు చుట్టి ముడేసింది. ఏ దారం దేనిదో చీటీ కట్టుండ్రి. అంగుళాల్ల రాసి పంపుతున్నరు, అందరూ తప్పే రాస్తున్నరు. కుట్టుకూలి వద్దు. నవారుకు, రింగులకు అయిన పైసలు ఇస్తే చాలు. మంచం మొత్తం అయిపోయింది, ఇప్పుడు నవారు కొనాల్సి వస్తుంది.